లాప్‌టాప్ మారితే పాత విండోస్ మనతో వస్తుందా? బిల్లులో కనిపించని ఆ ఒక్క మాటే కీలకం!

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ గుడ్‌బై చెప్పేసింది. 2015 జులై 29న వచ్చిన ఈ ఆపరేటింగ్ సిస్టమ్‌కు 2025 అక్టోబర్ 14తో ఉచిత సపోర్ట్ ముగిసింది. ఇళ్లలో వాడేవాళ్ల కోసం అదనపు సెక్యూరిటీ అప్‌డేట్ల స్కీమ్ పెట్టినా, దానికీ 2026 అక్టోబర్ 13 అని గడువు పెట్టింది. దీంతో పాత లాప్‌టాప్ పక్కనపెట్టి కొత్తది కొనాలా అన్న చర్చ ఇళ్లలో, చిన్న ఆఫీసుల్లో మొదలైంది. ఈ హడావుడిలో చాలామంది పట్టించుకోని ప్రశ్న ఒకటుంది. పాత లాప్‌టాప్‌తో పాటు డబ్బులు పెట్టి కొన్న విండోస్ సంగతేంటి? దాన్ని కొత్త లాప్‌టాప్‌లోకి తెచ్చుకోవచ్చా?

సూటిగా చెప్పాలంటే కొందరికి కుదురుతుంది, చాలామందికి కుదరదు. ఎవరికి కుదురుతుందో తేల్చేది మనం పెట్టిన డబ్బు కాదు. ఆ లైసెన్స్‌ను ఏ రకంగా అమ్మారన్నదే. విచిత్రం ఏంటంటే, ఆ రకం ఏదో లాప్‌టాప్ కొన్నప్పుడు షాపులో ఎవరూ చెప్పరు. బిల్లులో కూడా సాధారణంగా ఉండదు.

ఒకటే విండోస్.. మూడు రకాల లైసెన్సులు

స్క్రీన్ మీద చూస్తే అన్ని విండోస్‌లూ ఒకేలా ఉంటాయి. తేడా అంతా లైసెన్స్‌లోనే. ముఖ్యంగా మూడు రకాలున్నాయి.

మొదటిది ఓఈఎం. లాప్‌టాప్ కంపెనీ ఫ్యాక్టరీలోనే వేసి ఇచ్చే విండోస్ ఇది. షాపులో లాప్‌టాప్ ఆన్ చేయగానే విండోస్ వచ్చిందంటే దాదాపుగా ఈ రకమే. మైక్రోసాఫ్ట్ లైసెన్స్ షరతుల ప్రకారం దీన్ని ఇంకో మెషీన్‌కు మార్చడానికి లేదు. వేరేవాళ్లకు ఇవ్వాలన్నా లాప్‌టాప్‌తో కలిపే ఇవ్వాలి. అంటే ఈ లైసెన్స్ మీ పేరు మీద కాదు, ఆ మెషీన్ పేరు మీద ఉన్నట్టు లెక్క.

రెండోది రిటైల్. విండోస్‌ను విడిగా కొనుక్కోవడం. పెట్టెలో వచ్చినా, ఆన్‌లైన్‌లో మైక్రోసాఫ్ట్ దగ్గర కొన్నా ఇదే. దీన్ని మీదే అయిన మరో కంప్యూటర్‌కు మార్చుకోవచ్చు. ఒక్కటే షరతు.. పాతదాంట్లో నుంచి తీసేయాలి. ఒకేసారి రెండు మెషీన్లలో నడపకూడదు. అమెరికాలో విండోస్ 11 హోమ్ విడి ధర 139 డాలర్లు, ప్రో అయితే 199 డాలర్లు. మన రూపాయల్లో హోమ్ కూడా పది వేల పైమాటే.

మూడోది వాల్యూమ్. కంపెనీలు, కాలేజీలు, ప్రభుత్వ కార్యాలయాలు పదుల సంఖ్యలో, వందల సంఖ్యలో తీసుకునేది. ఇది ఆ సంస్థదే. ఉద్యోగం మానేసి లాప్‌టాప్ తెచ్చుకున్నా, ఆఫీసు పాత సిస్టమ్స్ అమ్మేస్తే కొనుక్కున్నా ఆ లైసెన్స్ మీతో రాదు.

కీ ఎక్కడ దాచారు?

పాత రోజుల్లో లాప్‌టాప్ అడుగున ఒక స్టిక్కర్ ఉండేది. ఐదేసి అక్షరాల చొప్పున 25 అక్షరాల కీ దాని మీద కనిపించేది. 2012లో విండోస్ 8 వచ్చినప్పటి నుంచి పద్ధతి మారింది. పెద్ద కంపెనీల లాప్‌టాప్‌లలో ఆ కీని మదర్‌బోర్డ్ మీదున్న ఫర్మ్‌వేర్ చిప్‌లోనే రాసేస్తున్నారు. హార్డ్ డిస్క్ మార్చి విండోస్ మళ్లీ వేసినా తనంతట తనే ఆక్టివేట్ అయిపోవడానికి కారణం ఇదే. వాడేవాళ్లకు సౌకర్యమే. కానీ దీనికి రెండో వైపూ ఉంది. మదర్‌బోర్డ్ పోతే కీ కూడా దాంతోనే పోతుంది.

ఇక ఆక్టివేషన్ విషయానికొస్తే, మెషీన్ హార్డ్‌వేర్ వివరాలతో ఒక గుర్తింపు తయారై మైక్రోసాఫ్ట్ సర్వర్లలో నమోదవుతుంది. దీన్నే డిజిటల్ లైసెన్స్ అంటారు. ర్యామ్ పెంచినా, ఎస్‌ఎస్‌డీ మార్చినా సాధారణంగా ఇబ్బంది ఉండదు. మదర్‌బోర్డ్ మారితే మాత్రం అది కొత్త కంప్యూటర్ అని సర్వర్ అనుకుంటుంది.

మరి నష్టం ఎవరికి?

కొత్త లాప్‌టాప్‌తో ఎలాగూ విండోస్ 11 వస్తుంది కదా, పాతది పోతే ఏంటి అనుకోవచ్చు. నిజమే. షోరూమ్‌లో విండోస్‌తో ఉన్న లాప్‌టాప్ కొనేవాళ్లకు పాత లైసెన్స్‌తో పెద్దగా పనిలేదు. వారంటీలో కంపెనీ లాప్‌టాప్ మొత్తం మార్చి ఇచ్చినా, ఆ కొత్తది తన సొంత లైసెన్స్‌తోనే వస్తుంది. ఇబ్బంది అంతా మిగతావాళ్లకే.

ధర తగ్గుతుందని విండోస్ లేని లాప్‌టాప్ తీసుకునేవాళ్లు, పార్టులు కొని డెస్క్‌టాప్ అసెంబుల్ చేయించుకునేవాళ్లు, పిల్లల చదువు కోసం సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ కొనే తల్లిదండ్రులు.. వీళ్లంతా పాత విండోస్ పనికొస్తుందనే లెక్కతో ఉంటారు. తీరా ఇంటికొచ్చి చూస్తే స్క్రీన్ కింద కుడి మూలన ‘ఆక్టివేట్ విండోస్’ అని నీటిముద్రలా కనిపిస్తుంది. నాలుగైదు సిస్టమ్స్‌తో డీటీపీ షాపో, జిరాక్స్ సెంటరో, ట్యాక్స్ ఆఫీసో నడిపేవాళ్లకు ఈ లెక్క ఇంకా పెద్దది. సిస్టమ్‌కు పది వేల చొప్పున అయిదింటికి యాభై వేలు. ఆ డబ్బుతో ఇంకో మంచి లాప్‌టాప్ వస్తుంది.

దీనికి తోడు విండోస్ 11 నిబంధనలు. టీపీఎం 2.0 సెక్యూరిటీ చిప్, సెక్యూర్ బూట్, కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ, ఇంటెల్ అయితే ఎక్కువ శాతం ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతి ప్రాసెసర్ ఉండాలి. విండోస్ 10 లైసెన్స్ ఉంటే విండోస్ 11 ఉచితమే. కానీ మెషీన్ పనికిరాదు. అర్హత ఉన్న మెషీన్ కొంటే పాత లైసెన్స్ రాదు. లైసెన్స్ ఉన్నచోట మెషీన్ చాలదు, మెషీన్ ఉన్నచోట లైసెన్స్ లేదు!

మదర్‌బోర్డ్ మారిస్తే ఏమవుతుంది?

ఇక్కడ మైక్రోసాఫ్ట్ ఒక మినహాయింపు ఇచ్చింది. పాడైపోయినందువల్ల మదర్‌బోర్డ్ మార్చాల్సి వస్తే ఓఈఎం లైసెన్స్ కొనసాగుతుంది, కొత్తది కొనక్కర్లేదు. అదే స్పీడ్ పెంచుకోవడానికి మెరుగైన బోర్డు వేయిస్తే మాత్రం దాన్ని కొత్త కంప్యూటర్ కిందే లెక్కేస్తారు.

కంపెనీ సర్వీస్ సెంటర్‌లో బోర్డు మారిస్తే కొత్త బోర్డులోకి కీ ఎక్కించే ఏర్పాటు వాళ్ల దగ్గర ఉంటుంది. అందుకే మెషీన్ చేతికి తీసుకునే ముందు అక్కడే ఆన్ చేసి, ఆక్టివేషన్ అయ్యిందో లేదో చూసుకోవాలి. బయటి రిపేర్ షాపులో పాత బోర్డు తెచ్చి వేస్తే ఆ సదుపాయం ఉండదు. ముందుగానే విండోస్‌ను మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లింక్ చేసి ఉంటే కొంత మేలు. సెట్టింగ్స్‌లో ఆక్టివేషన్ ట్రబుల్‌షూటర్ నడిపి, ఈ మధ్యే హార్డ్‌వేర్ మార్చానన్న ఆప్షన్ ఎంచుకుంటే లైసెన్స్ తిరిగి వచ్చే అవకాశం ఉంది.

మీది ఏ రకం? ఇలా తెలుసుకోండి

ఇది పాత లాప్‌టాప్ పనిచేస్తున్నప్పుడే చేయాల్సిన పని. కీబోర్డ్ మీద విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కితే రన్ బాక్స్ వస్తుంది. అందులో ఎస్, ఎల్, ఎమ్, జీ, ఆర్ అనే ఇంగ్లిష్ అక్షరాలు కలిపి కొట్టి, ఒక స్పేస్ ఇచ్చి, స్లాష్ గుర్తు వేసి, వెంటనే డీ, ఎల్, ఐ అని టైప్ చేసి ఎంటర్ కొట్టండి. చిన్న విండో ఒకటి తెరుచుకుంటుంది. డిస్క్రిప్షన్ వరుసలో ఓఈఎం, రిటైల్, వాల్యూమ్.. ఈ మూడింట్లో ఏదో ఒకటి కనిపిస్తుంది.

అయితే ఒక మెలిక ఉంది. విండోస్ 7 లేదా 8 నుంచి ఉచితంగా విండోస్ 10కి అప్‌గ్రేడ్ చేసుకున్న మెషీన్లలో చాలాసార్లు ‘రిటైల్’ అనే చూపిస్తుంది. అందరికీ ఇచ్చే ఉమ్మడి కీ అందులో ఉండటమే దీనికి కారణం. అది చూసి సంబరపడొద్దు. మొదట కొన్నప్పుడు ఏ రకమైతే, హక్కు కూడా ఆ రకానిదే. లాప్‌టాప్‌తో వచ్చిన విండోస్ 7ను అప్‌గ్రేడ్ చేస్తే అది ఓఈఎం కిందే లెక్క. విడిగా కొన్న విండోస్ 7ను అప్‌గ్రేడ్ చేసి ఉంటే బదిలీ హక్కు ఉంటుంది.

రిటైల్ అయితే బదిలీ ఎలా?

* ముందు 25 అక్షరాల కీ, కొన్న బిల్లు, ఆర్డర్ మెయిల్ వెతికి పెట్టుకోండి. ఆన్‌లైన్‌లో కొని ఉంటే ఏ అకౌంట్‌తో కొన్నారో గుర్తు చేసుకోండి.

* పాత లాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, పైన చెప్పిన కమాండ్‌లోనే డీ, ఎల్, ఐ బదులు యూ, పీ, కే అని కొడితే కీ తొలగిపోతుంది. ఇది ఆ మెషీన్‌లో మాత్రమే జరిగే పని. అమ్మేసే ఉద్దేశం ఉంటే డేటా బ్యాకప్ తీసుకుని మెషీన్ మొత్తం రీసెట్ చేయడం మేలు.

* కొత్త లాప్‌టాప్‌లో అదే ఎడిషన్ విండోస్ వేయాలి. హోమ్ కీ హోమ్‌కే, ప్రో కీ ప్రోకే పనిచేస్తుంది. విండోస్ 10 రిటైల్ కీ విండోస్ 11కి కూడా పనికొస్తుంది.

* సెట్టింగ్స్, సిస్టమ్, ఆక్టివేషన్‌లోకి వెళ్లి ‘ఛేంజ్ ప్రొడక్ట్ కీ’ దగ్గర ఆ కీ ఇవ్వాలి. వేరే మెషీన్‌లో వాడుతున్నారని తిరస్కరిస్తే మైక్రోసాఫ్ట్ సపోర్ట్‌ను సంప్రదించి విషయం చెప్పాలి. పాత లాప్‌టాప్ పూర్తిగా చచ్చిపోయి, కీ తీసే వీలు లేనివాళ్లకూ ఇదే దారి. అప్పుడు బిల్లే మీకు ఆధారం.

కొత్త లాప్‌టాప్‌తో కలిపి వచ్చే ఎంఎస్ ఆఫీస్ విషయంలోనూ జాగ్రత్త. ‘లైఫ్‌టైమ్’ అని చెప్పి అమ్మినా ఫ్యాక్టరీలో వేసి ఇచ్చిన ఆఫీస్ ఆ మెషీన్‌తోనే ఉంటుంది. లైఫ్‌టైమ్ అంటే మన జీవితకాలం కాదు, లాప్‌టాప్ జీవితకాలం అన్నమాట.

మూడు వందలకే ఒరిజినల్ కీ.. నిజమేనా?

లైసెన్స్ రాదని తెలియగానే చాలామంది చూసేది ఆన్‌లైన్ వైపే. మూడు వందలు, ఐదు వందలకే ‘ఒరిజినల్ కీ’ అన్న ప్రకటనలు కోకొల్లలు. పది వేల రూపాయల సరుకు మూడు వందలకు ఎలా వస్తుంది? కొన్ని ఏదో సంస్థకు ఇచ్చిన వాల్యూమ్ కీలు. కొన్ని పాత మెషీన్ల నుంచి తీసినవి. దొంగిలించిన కార్డులతో కొన్నవి కూడా బయటపడిన సందర్భాలున్నాయి. వేయగానే ఆక్టివేట్ అవ్వొచ్చు. కానీ ఆక్టివేట్ అవడం వేరు, లైసెన్స్ ఉండటం వేరు. ఎప్పుడైనా ఆ కీని బ్లాక్ చేస్తే అమ్మినవాడు ఫోన్ ఎత్తడు. ఇక క్రాక్ ఫైళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. యాంటీవైరస్ ఆపేసి మరీ రన్ చేయమంటారు. బ్యాంకు పనులు చేసుకునే లాప్‌టాప్ తాళం తెలియనివాడి చేతిలో పెట్టినట్టే.

అలాగని ఇలాంటివి కొనేవాళ్లంతా మోసం చేద్దామనుకునేవాళ్లు కాదు. ఒకసారి డబ్బులు కట్టాం, మళ్లీ ఎందుకు కట్టాలి అన్న కోపం చాలామందిది. ఆ కోపంలో న్యాయం లేకపోలేదు. ఎందుకంటే అసలు మనం కొన్నది వస్తువా, అనుమతా అన్నదే ఇంకా తేలని వివాదం.

వస్తువా? అనుమతా?

ఈ వివాదంలో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు చోటుంది. షాపుల్లో అమ్మే రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ మీద రాష్ట్ర ప్రభుత్వం అమ్మకం పన్ను వేస్తే, టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ కోర్టుకెళ్లింది. సాఫ్ట్‌వేర్ కంటికి కనిపించని మేధో సంపత్తి, సరుకు కాదన్నది ఆ కంపెనీ వాదన. 2004 నవంబర్ 5న సుప్రీంకోర్టు ఐదుగురు సభ్యుల ధర్మాసనం ఆ వాదన తోసిపుచ్చింది. డిస్క్‌లో పెట్టి మార్కెట్లో అమ్మే సాఫ్ట్‌వేర్ సరుకే, పన్ను కట్టాల్సిందే అని తేల్చింది.

2021 మార్చి 2న మరో తీర్పు వచ్చింది. విదేశీ సాఫ్ట్‌వేర్ కంపెనీలకు కట్టే సొమ్ము రాయల్టీ అవుతుందా అన్న ఇంజనీరింగ్ అనాలిసిస్ సెంటర్ కేసు అది. కాపీరైట్ వేరు, కాపీరైట్ ఉన్న వస్తువు వేరు అని సుప్రీంకోర్టు చెప్పింది. లైసెన్స్ ఒప్పందం అని పేరు పెట్టుకున్నా, అక్కడ జరిగేది కాపీరైట్ ఉన్న వస్తువు అమ్మకమేనని స్పష్టం చేసింది.

ఈ రెండూ పన్ను కేసులే. ఓఈఎం విండోస్‌ను ఇంకో లాప్‌టాప్‌లోకి మార్చుకోవచ్చని ఇవి చెప్పలేదు. 1957 కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ న్యాయంగా కొన్నవాళ్లకు బ్యాకప్ కాపీ తీసుకునే వీలిచ్చింది. మెషీన్ మార్చుకోవడం గురించి మాత్రం నేరుగా ఏమీ చెప్పలేదు. అంటే పన్ను వేసేటప్పుడు అది సరుకు. కొన్నవాడు వెంట తీసుకెళ్దామంటే మాత్రం అనుమతి పత్రం. మధ్యలో నలిగేది వినియోగదారుడే.

విదేశాల్లోనూ ఒకే మాట లేదు. జర్మనీ అత్యున్నత సివిల్ కోర్టు 2000 జులై 6న ఇచ్చిన తీర్పులో, ఒకసారి మార్కెట్లోకి వదిలాక ఓఈఎం కాపీని విడిగా అమ్మకుండా మైక్రోసాఫ్ట్ ఆపలేదని చెప్పింది. 2012 జులై 3న యూరోపియన్ కోర్టు ఆఫ్ జస్టిస్ ఒరాకిల్ కేసులో, డౌన్‌లోడ్ చేసుకున్న శాశ్వత లైసెన్స్‌ను కూడా తిరిగి అమ్ముకోవచ్చంది. అమెరికాలో మాత్రం 2010లో ఆటోడెస్క్ కేసులో అప్పీల్ కోర్టు దీనికి భిన్నంగా, కొన్నవాడు యజమాని కాదు, లైసెన్స్‌దారు మాత్రమే అని తేల్చింది.

కంపెనీ వాదనలోనూ పాయింట్ ఉంది

మైక్రోసాఫ్ట్ వైపు నుంచి కూడా చూద్దాం. లాప్‌టాప్ తయారీదారులు విండోస్‌ను లక్షల సంఖ్యలో కొంటారు కాబట్టి విడి ధర కంటే బాగా తక్కువకే వస్తుంది. ఆ తగ్గింపుకు బదులుగానే మెషీన్‌తో ముడిపెట్టారు. బదిలీ కావాలనుకునేవాళ్లకు ఎక్కువ ధరలో రిటైల్ ఉంది. విమాన టికెట్‌లో డబ్బులు వెనక్కి రానిది చవక, వచ్చేది ఖరీదు అన్నట్టే ఇదీ అనొచ్చు.

కానీ టికెట్ కొనేటప్పుడు ఆ సంగతి ముందే తెలుస్తుంది. లాప్‌టాప్ విషయంలో అది లేదు. ఓఈఎం ధర ఎంతో బిల్లులో విడిగా చూపరు. బదిలీ కుదరదన్న మాట పెట్టె మీద కొట్టొచ్చినట్టు రాయరు. డబ్బు కట్టి, ఇంటికొచ్చి, మెషీన్ ఆన్ చేశాక వచ్చే పేజీలకు పేజీల ఒప్పందంలో ఆ షరతు ఉంటుంది. దాన్ని చదవకుండానే ‘యాక్సెప్ట్’ నొక్కేస్తాం. నొక్కకపోతే ముందుకు వెళ్లదు మరి.

విండోస్‌తో కలిపి అమ్మిన సోనీ లాప్‌టాప్ కేసులో యూరోపియన్ కోర్టు 2016 సెప్టెంబర్ 7న ఇచ్చిన తీర్పు ఇక్కడ గుర్తుచేసుకోవాలి. విండోస్ ధర విడిగా చెప్పకపోవడం దానికదే తప్పు కాదంది. ఆ మాట కంపెనీలకు అనుకూలమే. అయితే కొనేముందు వినియోగదారుడికి సరైన సమాచారం అందిందా లేదా అన్నదాన్ని ఆ కోర్టు కీలకంగా చూసింది. మన దగ్గర లోపం సరిగ్గా అక్కడే ఉంది.

ఏం మారాలి?

మైక్రోసాఫ్ట్ తన వ్యాపార విధానమే మార్చుకోవాలని ఎవరూ పట్టుబట్టక్కర్లేదు. బిల్లులో ఒక్క లైన్ చాలు. ‘విండోస్ 11 హోమ్, ఓఈఎం, ఈ మెషీన్‌కు మాత్రమే’ అని రాస్తే కొనేవాడికి విషయం తెలుస్తుంది. విండోస్ ఉన్న మోడల్, లేని మోడల్ పక్కపక్కన ధరలతో పెడితే ఎంచుకోవడం సులువవుతుంది. సెకండ్ హ్యాండ్ అమ్మేవాళ్లు కూడా లైసెన్స్ రకం రాసి ఇవ్వాలి.

2019 వినియోగదారుల రక్షణ చట్టం సరుకు నాణ్యత, ప్రమాణం, ధర గురించి తెలుసుకోవడం వినియోగదారుడి హక్కు అని చెబుతోంది. అన్యాయమైన ఒప్పందాలపై రాష్ట్ర వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే వీలు కూడా ఆ చట్టంలో ఉంది. లైసెన్స్ గురించి తప్పుడు సమాచారం ఇచ్చి అమ్మితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. కేంద్రం రిపేర్ హక్కు కోసం 2022లోనే పోర్టల్ తెచ్చింది. మెషీన్ బాగుచేసుకునే హక్కు గురించి మాట్లాడేటప్పుడు, దాంట్లో నడిచే సాఫ్ట్‌వేర్ గురించి కూడా మాట్లాడాలి కదా. బోర్డు రిపేర్ చేయించుకున్నాక విండోస్ పనిచేయకపోతే ఆ రిపేర్‌తో లాభమేంటి?

అందాకా మన జాగ్రత్త మనదే. కొనేముందు షాపువాళ్లను మూడు ప్రశ్నలు అడగండి. విండోస్ ఉందా? ఓఈఎమ్మా, రిటైలా? ఆ మాట బిల్లులో రాసిస్తారా? నాలుగైదేళ్లకోసారి మెషీన్ మార్చేవాళ్లు, అసెంబుల్డ్ సిస్టమ్స్ వాడేవాళ్లు రిటైల్‌కు ఎక్కువ పెట్టినా చివరికి గిట్టుబాటు కావొచ్చు. ఒకసారి లాప్‌టాప్ కొంటే పాడయ్యేదాకా వాడేవాళ్లకు ఓఈఎం చాలు. బ్రౌజింగ్, ఆన్‌లైన్ క్లాసులు, ఉత్తరాలు టైప్ చేయడం వరకే పని అయితే పాత లాప్‌టాప్‌లో ఉబుంటు, లినక్స్ మింట్ లాంటి ఉచిత సిస్టమ్స్ వేసుకుని చూడొచ్చు. వాటికి కీల గొడవే ఉండదు. కాకపోతే విండోస్‌లోనే నడిచే టాలీ, పాత తెలుగు డీటీపీ సాఫ్ట్‌వేర్ల మీద ఆధారపడినవాళ్లకు ఆ దారి అంత సులువు కాదు.

విండోస్ 10 గడువుతో ఇప్పుడు లక్షల లాప్‌టాప్‌లు చేతులు మారబోతున్నాయి. మీ పాతది అమ్మేముందు, కొత్తది కొనేముందు లైసెన్స్ ఏ రకమో ఒక్కసారి చూసుకోండి. రెండు నిమిషాల పని. పది వేలు మిగలొచ్చు.